మెరిసే కాగితం, దాని వెనక గోడ



ఈ మధ్య ఏ గృహప్రవేశానికి వెళ్లినా హాల్లో ఒక గోడ తళతళలాడుతూ కనిపిస్తోంది. టీవీ వెనక గోడ కావచ్చు, సోఫా వెనక గోడ కావచ్చు. బంగారు రంగు తీగలు, వెండి రంగు ఆకులు, రాగి ఛాయలో సన్నటి చారలు. చేత్తో తడిమితే గానీ అది కాగితమని తెలియదు. మెటాలిక్ వాల్‌పేపర్ అంటున్నాం కదా, అదే. భోజనాల దగ్గర కూడా దాని మీదే చర్చ. రోల్ ఎంత పడింది? ఏ షాపులో కొన్నారు? ఎన్ని గంటల్లో అతికించారు? ఇన్ని అడుగుతారు గానీ, కింద గోడని ఏం చేశారని మాత్రం ఎవరూ అడగరు. నేను ఇవాళ చెప్పబోయేది ఎక్కువగా ఆ గోడ గురించే.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మెరిసే కాగితం గోడలోని లోపాన్ని దాచదు. వేలెత్తి చూపిస్తుంది.

చాలామంది వాల్‌పేపర్ దాకా ఎందుకు వస్తారు? గోడ బాగాలేదు కాబట్టి. ఒకచోట పెచ్చూడింది. ఒకచోట పగులిచ్చింది. పిల్లలు పెన్నుతో బొమ్మలు గీశారు. పైన అందమైన కాగితం వేసేస్తే అన్నీ మరుగున పడిపోతాయి అనుకుంటారు. మందంగా, గరుగ్గా ఉండే మామూలు కాగితమైతే ఆ ఆశ కొంతవరకు తీరుతుంది. మెటాలిక్ దగ్గర తీరదు. మామూలు కాగితం మీద పడ్డ వెలుతురు నలువైపులా చెదిరిపోతుంది. మెరిసే కాగితం దాన్ని ఒకే వైపుకి తిప్పి కొడుతుంది. అందుకే గోడ మీద ఇసుక రేణువంత ఎత్తున్నా దానికి ఒక పక్క వెలుగు చుక్క, ఇంకో పక్క నీడ. పాత పెయింటులో బ్రష్షు వెంట్రుక ఒక్కటి ఇరుక్కుని ఉన్నా సరే, కాగితం మీద గీత కనిపిస్తుంది. పగటిపూట కిటికీ పక్కనుంచి ఎండ జారినప్పుడు చూడండి, గోడ చరిత్ర మొత్తం బయటికొస్తుంది.

కొనే ముందు మీరే ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఖర్చేమీ లేదు. చీకటి పడ్డాక గదిలో లైట్లన్నీ ఆపేయండి. ఒక టార్చి తీసుకోండి, సెల్‌ఫోన్ లైటైనా చాలు. దాన్ని గోడకి ఎదురుగా పట్టుకోకండి. గోడకి ఆనించి, వెలుతురు గోడ మీదుగా పక్కకి జారేట్టు పట్టుకోండి. ఇన్నాళ్లూ నున్నగా ఉందనుకున్న గోడ మీద ఎన్ని గుంతలో, ఎన్ని గడ్డలో! తాపీ లాగిన జాడలు కనిపిస్తాయి. ఎప్పుడో క్యాలెండర్ మేకు పీకేసిన చోట పూడ్చిన ముద్ద కనిపిస్తుంది. స్విచ్‌బోర్డుకి వైరు వేయడానికి గోడ చెక్కి, మళ్లీ సిమెంటుతో మూసిన గాడి పైనుంచి కిందిదాకా కనిపిస్తుంది. కనిపించిన చోటల్లా పెన్సిలుతో సున్నా చుట్టండి. అవన్నీ మర్నాడు పని జరగాల్సిన చోట్లు.

ఇక ఆ పని. మన పెయింటర్లకి తెలిసిన పనే, లప్పం పెట్టడం. కాకపోతే మామూలు పెయింటుకి పెట్టినట్టు ఇక్కడ సరిపోదు. మేకులు తీసేయాలి. తుప్పు పట్టిన మేకుని లోపలే వదిలి పైన లప్పం పూస్తే కొన్నాళ్లకి ఎర్రటి మరక పైకి తేలుతుంది. పాత సున్నం గానీ, చేత్తో రాస్తే పొడి రాలే డిస్టెంపర్ గానీ ఉంటే గీకేయాలి. లేకపోతే కాగితం సున్నాన్ని పట్టుకుంటుంది, సున్నం గోడని పట్టుకోదు, రెండూ కలిసి ఊడి వస్తాయి. ఎనామిల్ పెయింటు ఉంటే దాని నునుపు పోయేదాకా ఎమరీ పేపర్‌తో రుద్దాలి. తర్వాత లప్పం ఒక చేయి, అది ఆరాక మరో చేయి. చివర్లో 220 నంబరు ఎమరీ పేపరో, అంతకన్నా సన్నటిదో తీసుకుని ఓపిగ్గా రుద్దాలి. ముక్కుకి గుడ్డ కట్టుకోవడం మరవకండి. రుద్దిన తర్వాత మళ్లీ అదే టార్చి. మళ్లీ అదే చీకటి. టార్చి వెలుగులో ఏమీ కనిపించనప్పుడే ఆ గోడ సిద్ధమైనట్టు.

లప్పం తర్వాత ప్రైమర్ తప్పనిసరి. దీన్ని చాలామంది ఎగ్గొడతారు. కాగితం కప్పేస్తుంది కదా, దీనికెందుకు డబ్బు దండగ అంటారు. ప్రైమర్ లేని లప్పం జిగురులోని తడిని గబగబా పీల్చేసుకుంటుంది. కాగితాన్ని కాస్త అటూ ఇటూ జరిపి సర్దుకునే వ్యవధి మీకు దొరకదు. రేపెప్పుడో కాగితం మార్చాలనుకుంటే లప్పం కూడా పెచ్చులుగా దాంతోపాటే వచ్చేస్తుంది. ఇంకో చిన్న కిటుకు చెబుతాను. మీ కాగితం ముదురు రాగి రంగో, నల్లటి నేల మీద బంగారు పువ్వులో అయితే, పైపూత కూడా దానికి దగ్గరి రంగులోనే వేయించండి. కింద గోడ తెల్లగా ఉంటే రెండు కాగితాలు కలిసే చోట వెంట్రుకంత సందున్నా తెల్ల గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు చెమ్మ గురించి. ఇది విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వైపు శ్రోతలు మరీ శ్రద్ధగా వినాలి. హైదరాబాదులో అయినా, బాత్రూమ్‌కి వెనక గోడ, పైన టెర్రస్ ఉన్న గది, వాన జల్లు నేరుగా కొట్టే బయటి గోడ ఇదే లెక్కలోకి వస్తాయి. మామూలు గోడ ఊపిరి పీలుస్తుంది. లోపలికి వచ్చిన తడి మెల్లగా బయటికి ఆరిపోతుంది. దాని మీద లోహపు రేకున్న కాగితం అతికిస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి కాగితం వెనకే ఉండిపోతుంది. బూజు పడుతుంది. పైకి కొన్ని నెలలు ఏమీ తెలియదు. ఒకరోజు గదిలో ముక్క వాసన మొదలవుతుంది.

చెమ్మ ఉందో లేదో తెలుసుకోవడం కూడా తేలికే. జానెడు పాలిథిన్ కాగితం తీసుకుని గోడకి ఆనించి నాలుగు అంచులా టేపు వేసేయండి. ఒక పగలూ ఒక రాత్రీ అలాగే వదిలేయండి. తీసి చూసినప్పుడు గోడవైపు నీటి బిందువులుంటే ఆ గోడకి వాల్‌పేపర్ వద్దు. ముందు ఆ తడి ఎక్కడినుంచి వస్తోందో పట్టుకుని దాన్ని బాగు చేయించండి. గోడ అడుగున ఉప్పు తేలి తెల్లటి పొడి రాలుతుంటే అసలు పరీక్షే అక్కర్లేదు, అది చెమ్మ గోడే. కొత్తగా కట్టిన ఇల్లయితే ప్లాస్టరింగ్ ఆరడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని పచ్చిగోడ మీద రేకు కాగితం వేయించకండి. ముహూర్తానికి పెయింటుంటే చాలు. కాగితం తర్వాత వేసుకోవచ్చు.

గోడ సంగతి అయింది. ఇప్పుడు షాపుకి వెళదాం.

మెటాలిక్ అని అమ్మేవన్నీ ఒకటి కావు. ఎక్కువ రకాల్లో లోహం ఛాయ ఉన్న సిరాతో అచ్చు వేసి ఉంటుంది. కొన్నింట్లో మెరిసే ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఇంకొన్నింట్లో నిజంగానే పల్చటి అల్యూమినియం రేకు కాగితానికి అతికి ఉంటుంది. వీటిలో ఏదో అడిగి తెలుసుకోండి, లేబుల్ చదవండి. ఎందుకో కాసేపట్లో కరెంటు దగ్గర చెబుతాను. మీ గోడ మరీ నునుపుగా రాదని పెయింటరు ముందే చేతులెత్తేస్తే, అద్దంలా మెరిసేదాన్ని వదిలేసి, ఉబ్బెత్తు డిజైనుతో, మందమైన మెరుపున్నది తీసుకోండి. అది కాస్త క్షమిస్తుంది.

షాపు లైట్ల కింద అన్నీ బాగుంటాయి. చిన్న శాంపిల్ ముక్క అడిగి తెచ్చుకోండి. మీ గోడకే టేపుతో అంటించి పొద్దున, సాయంత్రం, రాత్రి లైటు వేశాక చూడండి. పసుపు లైటు కింద బంగారంలా ఉన్నది తెల్లటి ఎల్‌ఈడీ కింద ఇత్తడిలా తేలిపోవచ్చు. టీవీకి ఎదురుగోడకి అసలు వేయకండి, తెర వెలుగంతా అక్కడ ప్రతిఫలిస్తుంది. నాలుగు గోడలకీ వేస్తామనేవాళ్లకి నా సలహా ఒక్కటే. ఒక గోడ చాలు. నాలుగు గోడలూ మెరిస్తే కల్యాణమండపంలో కాపురం ఉన్నట్టుంటుంది.

ఎన్ని రోల్స్ కావాలి? మన దగ్గర ఎక్కువగా దొరికే రోల్ వెడల్పు 53 సెంటీమీటర్లు, పొడవు 10 మీటర్లు. షాపువాళ్లు దీన్నే 57 చదరపు అడుగుల రోల్ అంటారు. చదరపు అడుగుల లెక్కతో భాగించి కొంటే తక్కువ పడొచ్చు. ముక్కల లెక్క వేసుకోండి. 10 అడుగుల ఎత్తున్న గోడకి పైనా కిందా కోతకి కాస్త వదిలితే ఒక రోల్‌లో 3 నిలువు ముక్కలు వస్తాయి. పెద్ద పెద్ద పువ్వుల డిజైనైతే పువ్వుకి పువ్వు కలపడంలో కొంత వృథా పోయి, ఒక్కోసారి 2 ముక్కలే రావచ్చు. 12 అడుగుల వెడల్పు గోడకి 7 ముక్కలు పడతాయి. ఇక మీరే లెక్క కట్టుకోవచ్చు. అన్ని రోల్స్ మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూసుకోవడం మాత్రం మరవకండి. పేరు ఒకటే, డిజైను ఒకటే అయినా బ్యాచ్ మారితే మెరుపు మారుతుంది.

ఇక్కడ ఒక చిన్న పాత కథ. గోడలకి ఈ మెరుపు వ్యామోహం ఇప్పటిది కాదు. ఒకప్పుడు ఐరోపా ధనవంతులు గోడలకి బంగారు తోలు తొడిగించేవారు. అందులో చాలాచోట్ల బంగారమే ఉండదు. తోలు మీద వెండి రేకు అతికి, పైన పసుపు వార్నిష్ పూస్తే బంగారంలా మెరిసేది. జపాన్ వాళ్లు దాన్ని చూసి తోలు బదులు తమ గట్టి చేతి కాగితాన్ని తీసుకున్నారు. దాని మీద లోహపు రేకు అతికి, చెక్కిన అచ్చుల మీద బ్రష్షుతో కొట్టి కొట్టి డిజైను పైకి లేపారు. 1873లో వియన్నా ప్రపంచ ప్రదర్శనలో ఆ కాగితాన్ని చూపించారు. తర్వాత అది ఐరోపాకి బాగా ఎగుమతయింది. అప్పుడూ ఇంతే, బంగారం కన్నా పనితనానిదే మెరుపు.

సరే, ఇప్పుడు కరెంటు. దయచేసి ఈ భాగం చెవొగ్గి వినండి. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే పిలవండి.

నిజమైన రేకు ఉన్న కాగితంలో కరెంటు పారుతుంది. జిగురులో తడి ఉంటుంది. మీ చేతులు తడిగా ఉంటాయి. అదే గోడ మీద స్విచ్‌బోర్డులు ఉంటాయి. ఇక చెప్పేదేముంది? పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపేయండి. స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ ఆపాలి. ఆపాక టెస్టర్ పెట్టి చూడండి. పగటి వెలుతురులోనే పని ముగించుకోండి. మామూలు కాగితమైతే స్విచ్‌బోర్డు ప్లేటు విప్పి, కాగితం అంచుని దాని వెనక్కి దూర్చి, మళ్లీ ప్లేటు బిగిస్తారు. చూడ్డానికి నీటుగా ఉంటుంది. రేకు కాగితానికి అలా చేయకూడదు. మళ్లీ చెబుతున్నాను, రేకు కాగితం అంచుని స్విచ్‌బోర్డు ప్లేటు వెనక్కి దూర్చకూడదు. ప్లేటు అంచు దగ్గరే కోసి ఆపేయాలి. లోపల ఒక వైరు వదులై ఆ రేకుకి తగిలిందంటే గోడ మొత్తం షాక్ కొడుతుంది. మీ కాగితంలో నిజంగా రేకుందో లేదో తెలియకపోతే ఉందనే అనుకుని పని చేయండి. ఇంటి మీటరు బోర్డులో లీకేజీకి పడిపోయే బ్రేకర్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడిగి, లేకపోతే పెట్టించండి. అది కాగితం వేసినా వేయకపోయినా ఉండాల్సిందే.

ఇదే సందర్భంలో వంటగది గురించి ఒక మాట. పొయ్యి వెనక గోడకి నూనె మరకలు అంటకుండా వెండి రంగు స్టిక్కర్ షీట్లు అమ్ముతున్నారు. వెనక కాగితం పీకి అంటించుకోవడమే. చవక, తేలిక. అందుకే చాలా ఇళ్లలో కనిపిస్తున్నాయి. వాటిలో చాలావాటికి ఉన్నది అల్యూమినియం రేకే. వాటిని తీసుకెళ్లి మిక్సీ ప్లగ్గు చుట్టూ, సాకెట్ కన్నాల అంచుదాకా అంటించేస్తున్నారు. పక్కనే సింకు, తడి చేతులు. మీ ఇంట్లో అలా ఉంటే, మెయిన్ ఆపి, ప్లగ్గు చుట్టూ ఉన్న ఆ షీటుని కోసి తీసేయండి. వాల్‌పేపర్ వేసుకోని వాళ్లకి కూడా ఈ మాట వర్తిస్తుంది.

ఇప్పుడు అతికించే పని. ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కరి వల్ల కాదు.

ముందు గోడ మీద ఒక నిలువు గీత గీసుకోవాలి. గది మూలని నమ్మకండి, మన ఇళ్లలో మూలలు తిన్నగా ఉండటం అరుదు. మేస్త్రీలు వాడే తూకపు గుండు దారానికి కట్టి పైనుంచి వేలాడదీయండి. అది ఊగడం ఆగాక దాని వెంట పెన్సిలుతో గీయండి. బాల్‌పెన్ వద్దు, సిరా కాగితం పైకి ఊరుతుంది. మొదటి ముక్క ఆ గీతకి సరిగ్గా వస్తేనే చివరి ముక్క సరిగ్గా వస్తుంది.

చేతులకున్న ఉంగరాలు, గాజులు, గడియారం తీసి పక్కన పెట్టండి. మెరిసే కాగితం మీద గాజు ఒక్కసారి రాసుకుందంటే ఆ గీత అక్కడే ఉండిపోతుంది. ముడత సంగతీ అంతే. చాక్లెట్‌కి చుట్టిన వెండి కాగితాన్ని నలిపి, మళ్లీ గోటితో ఎంత సాపు చేసినా ఆ నలుగు పోదు కదా, ఇదీ అలాంటిదే. అందుకే కోసిన ముక్కల్ని మడవకూడదు, వదులుగా చుట్టి పెట్టుకోవాలి.

జిగురు ఎక్కడ పూయాలో లేబుల్ మీద ఉంటుంది. ఇప్పుడొచ్చే చాలా రకాలకి జిగురు గోడకే పూస్తారు, కాగితానికి కాదు. పొడి కాగితాన్ని తీసుకెళ్లి అతికించడమే కాబట్టి ఇంట్లో చేసుకునేవాళ్లకి ఇవే తేలిక. జిగురు మాత్రం వాల్‌పేపర్ కోసం తయారుచేసినదే, బూజు పట్టకుండా మందు కలిపినదే కొనండి. సినిమా పోస్టర్లకి వాడినట్టు మైదా ఉడకబెట్టి పూద్దామనే ఆలోచన వద్దు. రేకు వెనక ఆ మైదా త్వరగా ఆరదు, బూజెక్కుతుంది. పాత పుస్తకాల్లో కనిపించే వెండిరంగు పురుగులకీ, బొద్దింకలకీ అది విందు భోజనం.

పైనుంచి మొదలుపెట్టండి. ఒకరు నిచ్చెన మీద పై అంచుని గీతకి కలుపుతుంటే, ఇంకొకరు కింద కాగితం వేలాడి నలగకుండా పట్టుకోవాలి. తర్వాత మధ్యనుంచి అంచులవైపుకి, పైనుంచి కిందికి, మెత్తటి బ్రష్షుతో గాలి తోసేయాలి. షాపువాళ్లు గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి ఇస్తారు. దాన్ని నేరుగా వాడితే గీతలు పడతాయి. మెత్తటి నూలు గుడ్డ చుట్టి వాడండి. రెండో ముక్క అంచు మొదటి దాని అంచుకి ఆనాలి, దాని మీదికి ఎక్కకూడదు. ఎక్కితే ఆ అతుకు నిలువునా గట్టులా మెరుస్తుంది. గాలి బుడగ మిగిలిపోతే గట్టిగా నొక్కకండి. సన్నటి సూదితో ఒక పొడుపు పొడిచి, వేలితో మెల్లగా అదమండి.

జిగురు పైకి వస్తే అప్పటికప్పుడే శుభ్రమైన నీళ్లలో పిండిన స్పాంజితో అద్దాలి. అద్దాలి అంటున్నాను, రుద్దమనడం లేదు. ఆరనిస్తే అక్కడ మెరుపు మీద పొగమంచు పట్టినట్టు మచ్చ నిలిచిపోతుంది. కోతకి కొత్త బ్లేడు వాడండి, మొండి బ్లేడు రేకుని చింపుతుంది. రెండో మూడో ముక్కలు అతికించాక ఒకసారి ఆగి, గది అవతలి మూలకి వెళ్లి చూడండి. ఛాయలో తేడా ఉంటే అక్కడే ఆపేసి షాపుకి ఫోన్ చేయండి. రోల్స్ అన్నీ కోసేశాక చెబితే వాళ్లు వెనక్కి తీసుకోరు.

పనయ్యాక మనవాళ్లు వెంటనే ఫ్యాన్ వేసేస్తారు. త్వరగా ఆరాలని. వేయకండి. ఏసీ కూడా వద్దు. గబగబా ఆరితే అంచులు ముడుచుకుని అతుకులు విచ్చుకుంటాయి. ఆ రాత్రికి గదిని దాని మానాన దాన్ని వదిలేయండి.

ఇదంతా మా వల్ల కాదు, మనిషిని పెట్టుకుంటాం అంటారా? మంచిదే. అయితే ఒక జాగ్రత్త. పెయింటరు వేరు, కాగితం వేసేవాడు వేరు. పెయింటరు లప్పం పెట్టి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. తర్వాత కాగితం వేసేవాడు వస్తాడు. పని బాగా రాకపోతే గోడ బాలేదని ఇతనంటాడు, కాగితం వేయడం రాలేదని అతనంటాడు. మధ్యలో మీరు. కాబట్టి పెయింటరుకి చివరి డబ్బు ఇచ్చే ముందే కాగితం వేసేవాణ్ణి పిలిపించి, ఆ గోడ చూపించి, సరేననిపించుకోండి. అతను టార్చి అడగకుండానే సరే అన్నాడంటే మరో మనిషిని చూసుకోండి.

తర్వాత పోషణ పెద్దగా ఏమీ లేదు. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము దులపండి. గాజు తుడిచే ద్రావకాలు, గరుకు పీచు వద్దు. మిగిలిన కాగితం ముక్కని పారేయకండి. రోల్ మీది లేబుల్‌తో సహా చుట్టి, తడి తగలని చోట పడుకోబెట్టి దాచండి. రేపు సోఫా తగిలి ఒక చోట చిరిగితే అతుకు వేయడానికి ఆ ముక్కే పనికొస్తుంది. ఆ డిజైను అప్పటికి షాపులో దొరకకపోవచ్చు. దొరికినా ఆ బ్యాచ్ దొరకదు.